ముప్పై నాలుగో చీటీ

చచ్చిపోయిన మనిషికి జీవితకాలపు సభ్యత్వం వచ్చింది.

ఇది నేను కల్పించి చెప్తున్న మాట కాదు. డిసెంబరు రెండో తేదీ మధ్యాహ్నం రెండూ నలభైకి, కవాసాకిలోని అంత్యక్రియల మందిరంలో, ఒరికాసా చిజు గారు నా మొహం ముందు పెట్టిన, ఆవిడ భర్త ఇంట్లో వదిలేసి వెళ్ళిన ఫోన్‌లో ఉన్న మాట.

“అభినందనలు, ఒరికాసా మొరియుకి గారూ! నవంబరు 30న మీరు చేసిన రెండు ప్రయాణాలతో మీ పాయింట్లు 50,184కి చేరాయి. నేటి నుంచి మీరు హయాసే ఎయిర్‌లైన్స్‌కి జీవితకాలపు సభ్యులు. మిమ్మల్ని మళ్ళీ ఆకాశంలో కలుసుకోవాలని ఎదురుచూస్తుంటాం.”

ఆ మొరియుకి గారు మాకు నాలుగడుగుల దూరంలో, తెల్లటి శవపేటికలో ఉన్నారు. నవంబరు 30 ఉదయం తొమ్మిదిన్నరకీ పదిన్నరకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాసిచ్చాడు. ఆయన ఎక్కవలసిన విమానం పదకొండూ నలభైకి.

విమానాశ్రయం పోలీసు స్టేషన్లో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను, ఆ తర్వాత ఏడేళ్ళుగా సొంతంగా పరిశోధనలు చేస్తున్నాను. శవాలు కొత్త కాదు. శవానికి అభినందనలు రావడం కొత్త.

“ఇదేంటండీ సావతారి గారూ?” అంది చిజు గారు. నల్ల కిమోనోలో ఆవిడ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. “ఆయన ఎక్కారా? ఎలా ఎక్కారు? దీనర్థం ఏంటి?”

“నాకూ తెలీదమ్మా. కానీ రేపు పదింటిలోగా తెలియాలి.”

రేపు పదింటికి దహనం. పెట్టె కొలిమిలోకి వెళ్ళిందంటే ఇక అడగడానికి ఏమీ మిగలదు. చిజు గారు ఈ ఉదయమే నన్ను పిలిపించారు. పోలీసులు ఆత్మహత్య అని తేల్చేశారు. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. ఆ పొద్దున ఇంట్లో గొడవైంది. పద్దెనిమిదో తేదీన వెళ్ళి, ఇరవై నాలుగున వెళ్ళి, మళ్ళీ ఇవాళా అని ఆవిడకి ఒళ్ళు మండిపోయి, “ఎక్కితే ఎక్కావు గానీ ఇక దిగిరాకు” అని తలుపు వేసేసింది. ఆయన నిజంగానే దిగిరాలేదు.

“నా మాటకే పోయారా, కాదా? అదొక్కటి తేల్చి చెప్పండి. నా మాటకే అయితే అలాగే బతుకుతాను. కానీ తెలియకుండా బతకలేను” అంది.

దీక్ష సంగతి తెలియనివాళ్ళకి ఈ గొడవ పిచ్చిగా ఉంటుంది. హయాసే వాళ్ళ విమానాల్లో ఒకే ఏడాదిలో యాభై వేల పాయింట్లు కూడబెడితే, బతికినంతకాలం వాళ్ళ ప్రత్యేక కార్డు మనదే. అందుకని పనీపాటా ఏమీ లేకపోయినా పొద్దున టోక్యోలో ఎక్కి, దక్షిణాన దీవిలో ఉన్న నాహాలో దిగి, ఊళ్ళోకి అడుగైనా పెట్టకుండా అక్కడికక్కడే తిరుగు విమానం ఎక్కి వచ్చేసేవాళ్ళు మా దేశంలో వేలమంది ఉన్నారు. దాన్ని వాళ్ళు దీక్ష అనే అంటారు. నవ్వులాటకి కాదు, నిష్ఠగానే అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే రూట్లో సిటీ బస్సు నడిపిన ఒరికాసా గారు, రిటైరయ్యాక కిటికీ పక్కన కూర్చోవాలని ఈ దీక్ష పట్టారు.

అక్టోబరు ఒకటిన పిడుగు పడింది. హయాసే వాళ్ళు రూల్సు మార్చేశారు. నవంబరు 30 లోపల యాభై వేలు నిండినవాళ్ళకే జీవితకాలపు కార్డు, ఆ మర్నాటి నుంచి ఎన్ని లక్షలు ఎగిరినా కార్డు ఏడాదికే. సగం దీక్షలో ఉన్నవాళ్ళంతా నడిసముద్రంలో పడ్డారు. ఒరికాసా గారు ఒడ్డుకి దగ్గర్లో ఉన్నారు. ముప్పై రెండు ప్రయాణాలు అయిపోయాయి. వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి, రెండే మిగిలాయి. ఆ రెండూ ఆఖరి రోజున పెట్టుకున్నారు.

“కంప్యూటర్ పొరపాటు” అన్నాడు వెనక నుంచి ఎవరో.

ఎవరో ఏమిటి, కుజుహారా. నేను ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. చనిపోయినాయన వస్తువులు తిరిగివ్వడానికి వచ్చి, నా భుజం మీంచి ఫోన్‌లోకి తొంగిచూస్తున్నాడు.

“టికెట్ బుక్కయింది, మనిషి రాలేదు. యంత్రం చూసుకోకుండా పాయింట్లు వేసేసింది. అంతే కదా అక్కగారూ. దానికి ఇంత హడావిడా?”

“విమానం ఎక్కనివాడికి కూడా పాయింట్లేసే కంపెనీ ఎక్కడుందో చెప్పు కుజుహారా, రేపే చేరతాను.”

“ఇదిగో, ఆయన టికెట్ కాగితం ఆయన జేబులోనే ఉంది.” చేతిలో ఉన్న సంచి పైకెత్తాడు. “చూడండి, నలగలేదు కూడా. ఇది జేబులో ఉండగా విమానం ఎవరెక్కుతారు? దయ్యమా?”

“ఆ సంచి ఇలా ఇవ్వు.”

“అది వాళ్ళ కుటుంబానికి ఇవ్వాలి.”

“నేను తీసుకోమన్నాను” అంది చిజు గారు. గొంతు చిన్నదే, కానీ కుజుహారా మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు.

కళ్ళజోడు, పర్సు, టికెట్ కాగితం. తాళ్ళు లేని గోధుమరంగు బూట్లు. బూడిదరంగు మేజోళ్ళు. ఆ మేజోళ్ళు తిరగేసి అడుగు చూశాను. మళ్ళీ చూశాను.

“బూట్లు ఎక్కడ దొరికాయి?”

“పార్కింగ్ భవనం పైకప్పు మీద. పిట్టగోడకి నాలుగడుగులు ఇవతల. రెండూ పక్కపక్కన, ముక్కులు గోడవైపు. దూకేవాళ్ళు బూట్లు అలాగే విడుస్తారని మీరే నాకు నేర్పారు.”

“నేర్పాను. మేజోళ్ళు చూడమని కూడా నేర్పాను. ఆ రోజు సెలవు పెట్టినట్టున్నావు.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “కేసు మూసేశాం. పై అధికారి సంతకం కూడా అయిపోయింది.”

“సంతకానికేం, నాకూ వచ్చు. కారు తియ్యి, వెళ్దాం.”

తిట్టుకుంటూనే తీశాడు. అదే అతనిలో నాకు నచ్చేది.

మూడున్నరకి పార్కింగ్ భవనం పైకప్పు మీద ఉన్నాం. ఆదివారాల్లో కూడా అక్కడికి కార్లు రావు. విమానాల పిచ్చివాళ్ళు మాత్రం వచ్చి, రన్‌వే చూస్తూ నిలబడతారు. ఒరికాసా గారు ప్రతి ప్రయాణానికి ముందూ ఇక్కడ పావుగంట గడిపేవారట. ఆ రోజు తొమ్మిదీ యాభై ఒకటికి ఒంటరిగా లిఫ్ట్ ఎక్కడం కెమెరాలో ఉంది. మెట్ల దారిలో కెమెరా లేదు. కింద, జనరేటర్ షెడ్డు వెనకాల, శవం సాయంత్రం నాలుగూ పదికి దొరికింది. అప్పటిదాకా అటు ఎవరూ వెళ్ళలేదు.

నేను బూట్లు విప్పేశాను.

“ఏం చేస్తున్నారు?” అన్నాడు కుజుహారా కంగారుగా.

“దూకను, భయపడకు.” నేల మీద జారకుండా పచ్చరంగు గరుకు పూత వేసి ఉంది, ఎండకి పెళుసెక్కిపోయింది. గోడ దాకా నాలుగడుగులు వేసి, కాలెత్తి అరికాలు చూపించాను. నా తెల్ల మేజోడు అడుగంతా పచ్చటి పొడి. “ఒరికాసా గారి మేజోళ్ళ అడుగున ఏముంది?”

అతను నా అరికాలి దగ్గరికి వంగి చూశాడు.

“ఏమీ లేదు. ఉతికి ఆరేసినట్టున్నాయి. బూట్లు విడిచి నాలుగడుగులు నడిచిన మనిషి మేజోళ్ళు అలా ఉంటాయా? గాల్లో నడిచాడా?”

“మరి బూట్లు ఇక్కడికెలా వచ్చాయి?”

“శవం ఎక్కడ పడిందో చూపించు.”

పిట్టగోడ అతని ఛాతీ కిందికి వస్తుంది. చేతులానించి, బొటనవేళ్ళ మీద లేచి, కిందికి వంగి వేలు చూపించాడు. “అదిగో, ఆ షెడ్డు పక్కన...”

నేను వంగి అతని రెండు చీలమండలూ పట్టుకొని ఒక్క జానెడు పైకెత్తాను.

కుజుహారా పెట్టిన కేకకి అటు మూల వాలిన కాకులు లేచిపోయాయి. వెంటనే దించేశాను. అతను గోడకి వీపు ఆనించి కూలబడి, గుండె పట్టుకొని, నోరు తెరుచుకొని నన్ను చూస్తున్నాడు. అతని కుడికాలి బూటు నా చేతిలో ఉంది.

“పిచ్చెక్కిందా మీకు? చచ్చేవాణ్ణి!”

“చచ్చేవాడివే. చూశావా ఎంత తేలికో? యాభై ఆరేళ్ళ ఆడదాన్ని, నేనే ఎత్తగలిగాను. తాళ్ళు లేని బూట్లు, కాళ్ళు పట్టి ఎత్తితే చేతుల్లోకి వచ్చేస్తాయి. మనిషి కిందికి పోయాడు, బూట్లు చేతిలో మిగిలాయి. వాటిని ఏం చేయాలో తెలియక, పద్ధతిగా పక్కపక్కన పెట్టి వెళ్ళిపోయాడు.” ఆ బూటు అతని ఒళ్ళో పడేశాను. “ఆయన దూకలేదు కుజుహారా. విమానం చూడ్డానికి వంగాడు. వెనకున్నవాడు తెలిసినవాడు, అందుకే భయపడలేదు. నేను తెలిసినదాన్నని నువ్వూ భయపడలేదు.”

అతను బూటు తొడుక్కోలేదు. “మరి విమానం ఎక్కిందెవరు?” అని అడిగాడు చివరికి, చాలా నెమ్మదిగా. ఈసారి కంప్యూటర్ మాట ఎత్తలేదు.

తిరిగి మందిరానికి వచ్చేసరికి ఐదూ పది. ఆరింటికి శవం దగ్గర రాత్రి జాగారం మొదలవుతుంది. గుమ్మం దగ్గర పేర్ల పుస్తకం ముందు నల్లసూటు వేసుకొని ఒకాయన నిలబడి ఉన్నాడు. వచ్చినవాళ్ళకి వంగి దణ్ణాలు పెడుతున్నాడు. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. నిరాసావా తెత్సురో. దీక్షవాళ్ళ గుంపుకి గురువు. ఎవరు ఏ రోజు ఏ విమానం ఎక్కాలో లెక్క కట్టేదీ, అందరికీ టికెట్లు బుక్ చేసేదీ ఈయనే. మూడు రోజులుగా చిజు గారికి కుడిభుజంలా ఉన్నాడట.

“మీతో రెండు మాటలు” అన్నాను.

“అడగండమ్మా. ఒరికాసా కోసం ఏదైనా చెప్తాను.”

“ముప్పయ్యో తేదీ పొద్దున మీరెక్కడున్నారు?”

“గేటు దగ్గరే. దీక్ష విరమణ కదండీ, దగ్గరుండి సాగనంపడం మా ఆచారం. పది నుంచీ కూర్చున్నాను. రాలేదు. పదకొండున్నరకి గేటు మూసేశారు. అప్పటిదాకా చూశాను.” కళ్ళు తుడుచుకున్నాడు. “ఆఖరి నిమిషం దాకా చూశానండీ. పరిగెత్తుకుంటూ వస్తాడేమో అని.”

“తర్వాత?”

“ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకొని పడుకున్నాను. పొద్దుపోయాక చిజు గారు ఫోన్ చేసి చెప్పారు.”

“ఆయన పైకప్పు మీదకి వెళ్తారని మీకు తెలుసా?”

“అందరికీ తెలుసు. రూల్సు మార్చాక చాలా కుంగిపోయాడు. నేను కనిపెట్టి ఉండాల్సింది. తప్పు నాదే.”

ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే నన్ను తికమక పెట్టింది. దొంగ ఏడుపులు నేను చాలా చూశాను. ఇది నిజంగా కడుపులోంచి వస్తోంది.

లోపలికి వెళ్ళి చిజు గారి పక్కన కూర్చున్నాను. అగరుబత్తి పొగ పెట్టె మీదుగా సాగుతోంది. బుర్రలో ఒకటే ప్రశ్న. మా దేశం లోపల తిరిగే విమానాలకి గేటు దగ్గర ఎవరూ మొహం చూడరు, గుర్తింపు కార్డు అడగరు. టికెట్ మీది కోడ్ చూపిస్తే యంత్రం కూస్తుంది, సీటు నంబరు వేసిన చిన్న చీటీ బయటికొస్తుంది. ఆ కోడ్ ఎవరి ఫోన్‌లో ఉన్నా ఒకటే. కాబట్టి ఎవరో ఎక్కారు. రెండుసార్లు ఎక్కితే రెండు చీటీలు వచ్చి ఉండాలి.

“చిజు గారూ, ఆయన చీటీలు దాచేవారా?”

“ప్రాణంలా దాచేవారు. ఒక పుస్తకంలో అతికించి, పక్కన ఏదో రాసుకునేవారు. ముప్పై రెండు ఉండేవి. లెక్కపెట్టి నాకు చూపించేవారు, నేను చూసేదాన్ని కాదు.”

“ఆ పుస్తకం ఏది?”

“ఆయన దగ్గరే ఉంది.” పెట్టె వైపు చూసింది. “నిన్న గురువుగారు అడిగి తీసుకున్నారు. ఇవాళ పొద్దున ఆయనే తీసుకొచ్చి, మా ఆయన చేతుల కింద పెట్టారు. దీక్ష పుస్తకం మనిషితోనే వెళ్ళాలన్నారు.”

లేచి నిలబడ్డాను.

“అమ్మా, పెట్టె తెరవాలి.”

మా పద్ధతిలో మేకులు రేపు పొద్దున కొడతారు, అప్పటిదాకా మూత ఊరికే ఆనించి ఉంటుంది. ఆవిడే లేచి, ఒక వైపు పట్టుకుంది. రెండో వైపు కుజుహారా పట్టుకున్నాడు. తెల్లబట్టల్లో, మడిచిన చేతుల కింద, నీలం అట్ట పుస్తకం ఉంది. చిజు గారే ఆ చేతులు తడిమి, మెల్లగా లాగి తీసి నాకిచ్చింది.

ముప్పై రెండు చీటీలు, గీత గీసినట్టు అతికించి ఉన్నాయి. ఒక్కో దాని పక్కన బస్సు డ్రైవరు చేతిరాతలో వాతావరణం, సీటు, ఏం తిన్నదీ.

ఆఖరి పేజీ తిప్పాను.

ముప్పై మూడో చీటీ. టోక్యో నుంచి నాహా, నవంబరు 30, సీటు 31కె, గేటు దాటిన సమయం 11:16. ముప్పై నాలుగోది. నాహా నుంచి టోక్యో, అదే రోజు, 15:02. రెండూ నీటుగా అతికించి ఉన్నాయి. పక్కన ఏ రాతా లేదు.

చిజు గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుజుహారా మొహంలో నెత్తురు చుక్క లేదు.

“శవం దొరికింది నాలుగూ పదికి” అన్నాడు తనలో తనే. “ఇది పదకొండూ పదహారు...”

“గట్టిగా చెప్పు. గుమ్మం దగ్గరున్నాయనకి వినబడాలి.”

వినబడింది. నిరాసావా లోపలికి వచ్చాడు. తెరిచిన పెట్టెని, నా చేతిలో పుస్తకాన్ని చూసి, అక్కడే నిలబడిపోయాడు. తేలు కుట్టిన దొంగలా అరవలేదు, పారిపోలేదు. జాగారానికి ముందుగా వచ్చిన ఐదారుగురు వెనక్కి తిరిగి చూస్తున్నారు.

“ఆయన సీట్లో కూర్చున్నది నువ్వే కదూ?” అన్నాను.

“నేనే” అన్నాడు. “ఆలస్యమవుతోందని... సీటు పోతుందని... ఆయన బదులు నేను ఎక్కాను. పాయింట్లు ఆయనకే పడతాయి కదా. పోయాడని నాకేం తెలుసు? మంచికే చేశాను.”

మందిరంలో గుసగుసలు లేచాయి. మంచికే చేశాడు కదా అన్న మాట ఒకటి నా చెవిన కూడా పడింది. కుజుహారా నావైపు చూశాడు. ఒక్క క్షణం అతనికీ అలాగే అనిపించింది, నాకు తెలుసు.

“గేటు ఎన్నింటికి మూస్తారన్నావు?”

“పదకొండున్నరకి.”

“ఆఖరి నిమిషం దాకా ఎదురుచూశానన్నావు. చీటీ మీద పదకొండూ పదహారు ఉంది. ఇంకా పద్నాలుగు నిమిషాలుండగానే ఆయన సీటెక్కేశావు. ఆ పద్నాలుగు నిమిషాల్లో ఆయన పరిగెత్తుకుంటూ వస్తే? తన విరమణ రోజున, తన కోడ్ చూపిస్తే, లోపల ఇంకొకడు కూర్చున్నాడని యంత్రం చెప్తే? స్నేహితుడి కోసం చూసేవాడు పదకొండూ ఇరవై తొమ్మిది దాకా చూస్తాడు నిరాసావా. నువ్వు చూడలేదు. ఎందుకంటే ఆయన రాడని నీకు తెలుసు.”

వెనక కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే నిరాసావా వైపు తిరిగారు.

“తగలబెట్టడానికి పెట్టెలో పెట్టాడు, వెధవ” అన్నాడు కుజుహారా పళ్ళు కొరుకుతూ. “రేపు పదింటికల్లా సాక్ష్యం బూడిద.”

“కాదు!” నిరాసావా అరిచాడు. “తగలబెట్టాలంటే మా ఇంట్లోనే తగలబెట్టేవాణ్ణి. రెండు చీటీల కోసం ఆయన దీక్ష ఆగిపోకూడదు. అసంపూర్తిగా ఎలా పంపను? నాకు చేతకాలేదు. ఆ సీటు ఖాళీగా వెళ్తుంటే... చూడలేకపోయాను.”

మనిషిని చంపి, ఆ మనిషి దీక్ష పూర్తి చేశాడు. నేను విన్నవాటిలో ఇంత ఘోరమైన దయ ఇంకొకటి లేదు.

“ఎందుకు చంపావు?”

అతను తల పక్కకి తిప్పుకున్నాడు. నేను పుస్తకం వెనక్కి తిప్పాను. జవాబు ఉంటే ఇందులోనే ఉండాలి. బస్సు డ్రైవర్లు అన్నీ రాసుకుంటారు, ఆలస్యమైతే ఎందుకైందో కూడా. పదకొండో చీటీ, మే 17. పక్కన: మబ్బు, 28ఎ, పోర్కు గుడ్డు అన్నం ముద్ద. దాని కింద ఇంకో వరస.

గట్టిగా చదివాను. “‘గురువుగారు చెప్పారు: ఏది ఏమైనా నవంబరు దాటనివ్వకు.’ మే నెలలో! హయాసే వాళ్ళు రూల్సు మార్చినట్టు చెప్పింది అక్టోబరు ఒకటిన. నీకు మే నెలలో ఎవరు చెప్పారు?”

నిరాసావా కుర్చీలో కూలబడ్డాడు. ఆ వరస అతను చూడలేదని మొహమే చెప్పింది.

“ఏప్రిల్‌లో పిలిచారు” అన్నాడు నేల చూస్తూ. “పాత ప్రయాణికుల అభిప్రాయం కావాలన్నారు. కొత్త రూల్సు నా ముందు పెట్టి, బయట చెప్పనని సంతకం తీసుకున్నారు. ఒరికాసా ఒక్కడికే, ఉండబట్టలేక...”

“ఏప్రిల్ తర్వాత ఎంతమందికి దీక్ష ఇచ్చావు?”

“నూట పద్నాలుగు మందికి.”

“ఎంతమందికి పూర్తయింది?”

“తొమ్మిది.” పెట్టె వైపు చూశాడు. “ఒరికాసాతో పది.”

వెనక కూర్చున్నవాళ్ళలో ఒకామె లేచి నిలబడింది. దీక్షవాళ్ళంతా మోసే హయాసే సంచి ఆమె చేతిలో ఉంది. నూట పద్నాలుగులో ఆమె ఒకతె అవునా అని అడగక్కర్లేదు.

“ఆగిపొమ్మని వాళ్ళకి చెప్తే సరిపోయేది కదా?” అన్నాను.

“చెప్తే నా దగ్గరికి ఎవరొస్తారు? గురువుగారూ అని పిలిచేవాళ్ళు లేకపోతే నేనెవర్ని? వంటపాత్రల షాపులో గుమాస్తాని. ఒరికాసాకి ఆ మే నెల మాట గుర్తొచ్చింది. ఆ పొద్దున పైకప్పు మీద అడిగాడు. ఇవాళ రాత్రికి నువ్వే అందరికీ చెప్పు, లేకపోతే నేను చెప్తాను, వాళ్ళని ముంచి నేనొక్కణ్ణే కార్డు పెట్టుకొని కూర్చోలేను అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అనేసి, విమానం వస్తోంది చూడు అని గోడ మీదకి వంగాడు.”

మిగతాది చెప్పక్కర్లేదు. కుజుహారా తన కుడి బూటు వైపు చూసుకున్నాడు, తర్వాత వెళ్ళి నిరాసావా చెయ్యి పట్టుకొని లేపాడు.

“ఆగండి” అంది చిజు గారు.

పెట్టె అంచు పట్టుకొనే నిలబడి ఉంది. “ఆ పొద్దున... నా సంగతేమైనా అన్నారా? నేనేదో అన్నానని చెప్పారా?”

నిరాసావా మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. “చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. ‘ఇక దిగిరాకు అంది మా ఆవిడ. అంటే నాహా నుంచి పోర్కు గుడ్డు అన్నం ముద్ద తేకపోతే తలుపు తీయదన్నమాట. ఇవాళ రెండు తేవాలి’ అన్నాడు.”

చిజు గారు కూలబడిపోయింది. నేల మీద కూర్చొని, పెట్టెకి నుదురు ఆనించి, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. మూడు రోజులుగా రాని ఏడుపు. నేను పక్కన కూర్చొని వీపు మీద చెయ్యి వేశాను. నా కళ్ళూ ఆగలేదు, ఆగాలని కూడా అనుకోలేదు.

ఆవిడ తేరుకునేసరికి కుజుహారా నిరాసావాని స్టేషన్ నుంచి వచ్చిన కారెక్కించి పంపి, తిరిగి వచ్చాడు. టోపీ తీసి, శవానికి వంగి దణ్ణం పెట్టాడు. తర్వాత నాకు కూడా పెట్టబోయాడు. వద్దని చెయ్యి ఊపాను.

“అమ్మా, పుస్తకం సాక్ష్యం” అన్నాడు ఇబ్బందిగా. “మే 17 పేజీ మాకు కావాలి. మొత్తం ఫోటో తీయించి, అసలు పుస్తకం రేపు తొమ్మిదికల్లా నేనే తెచ్చిస్తాను. ఆ ఒక్క పేజీ, చివరి పేజీ ఉంచుకుంటాం, మే పేజీలోని చీటీ మాత్రం ఊడదీసి పుస్తకంలోనే పెట్టిస్తాను. దహనం కూడా కావాలంటే వాయిదా వేయిస్తాను.”

చిజు గారు ముక్కు తుడుచుకొని, నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. చివరి పేజీ తెరిచింది. రాత లేని ఆ రెండు చీటీల కింద గోరు పెట్టి, చిరగకుండా, ఒకదాని తర్వాత ఒకటి ఊడదీసి కుజుహారా అరచేతిలో పెట్టింది.

“ఇవి మీరే ఉంచుకోండి. ఆయనవి కావు” అంది. “ఆయన ఎక్కింది ముప్పై రెండే. ముప్పై రెండుతోనే వెళ్తారు.”